చ్వాయితా, క్వాయితా

మటాటియెలె,
ఫిబ్రవరి 1990

వుయెల్వా వదినకు,

మీరిద్దరూ క్షేమంగా కేప్ టౌన్ చేరారని బస్సు డ్రైవరు చెబితే తెలిసింది. నువ్వు ఒక్క ముక్క రాయలేదు. రాయమని బలవంతపెట్టను. వెళ్ళేరోజు నా మొహంలోకి చూడకుండా బస్సెక్కావు. ఎందుకో నాకు తెలుసు. మన పాప జ్వరంతో చనిపోయిన ఆ వారమంతా మంచం పక్కన కూర్చున్న నర్సును నేనే. మేనత్తనూ నేనే. నన్ను చూస్తే నీకు ఆ మంచమే కనిపిస్తుంది.

మీ ఇంటికి తాళం వేసి ఉంచాను. మీ మేకలను మా మందలో కలుపుకున్నాను, ఒకటి ఈనింది. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు కూడా అలాగే ఉంది. 'నా కొడుకును కోడలు సముద్రం దాకా ఈడ్చుకుపోయింది' అని ఊరంతా చెబుతోంది. రాత్రయితే నీకోసమే ప్రార్థన చేస్తుంది.

నన్ను కొండ మీది క్లినిక్‌కు మార్చారు. అక్కడ అందరూ సోతో వాళ్ళే. నేను వాళ్ళ భాష మాట్లాడితే ఆడవాళ్ళు కంబళి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మొన్న మధ్యాహ్నం రేకుల మీద వడగళ్ళు పడుతుంటే ఒక కాన్పు జరిగింది. ఆడపిల్ల. నీలంగా పుట్టింది, ఏడవలేదు. చాలాసేపు కష్టపడితే ఏడ్చింది. వాళ్ళ నాయనమ్మ నా చేతులు పట్టుకుని, 'పేరు నువ్వే పెట్టాలమ్మా' అంది. మీకు నచ్చింది పెట్టుకోండి అన్నాను. నా మాట వినలేదు.

అన్నయ్యను అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు,
తోజామా


ఖయెలిత్షా, కేప్ టౌన్,
మార్చి 1990

తోజీ,

ఇక్కడ ఇళ్ళకు గోడలూ రేకులే, కప్పూ రేకులే. గాలి లేస్తే దుప్పట్లో ఇసుక. మీ అన్నయ్య ఓడరేవులో పనికి కుదిరాడు. నాకు బడిలో ఒకటో తరగతి ఇచ్చారు. ఎదుట అంతమంది పిల్లలు కూర్చుంటే ఎలా తట్టుకుంటానోనని ఆయన భయపడ్డాడు. తట్టుకుంటున్నాను. వాళ్ళెవరూ అది కాదు కదా.

నీ మీద కోపం లేదు. లేదని రాయడం తేలికే. లేకుండా పోవడానికి కొంత కాలం పడుతుంది, ఓపిక పట్టు.

ఒక్కటి అడుగుతాను. మన పాప పేరు ఎవరి ముందూ ఎత్తకు. పెట్టింది నువ్వే, కాదనను. పుట్టగానే నీ మొహంలోకి చూసి పెదవులు సాగదీసిందనీ, ఉల్లాసం పంచడానికే వచ్చిందనీ చెప్పి చ్వాయితా అన్నావు. మన వైపు అంతకుముందు ఎవరూ పెట్టని పేరు. మీ అమ్మ, 'పేర్లే కరువయ్యాయా' అని సణిగింది కూడా. పెట్టింది నువ్వే అయినా, పెట్టాక అది నాదయింది.

ఇంట్లో మేమిద్దరం ఆ పేరు పలకడం లేదు. బయటే కష్టంగా ఉంది. ఆ పేరు మొదట్లో వచ్చే చప్పుడు, పళ్ళ వెనక నాలుక ఆనించి లాగేది, జాలిపడ్డప్పుడు 'చ్చు' అనేది అదే కదా. నా సంగతి తెలిసిన ప్రతి ఆడదీ నన్ను చూసి ఆ చప్పుడు చేస్తుంది. ప్రతిసారీ దాని పేరు మొదలుపెట్టారనిపిస్తుంది. ఎవరూ పూర్తి చెయ్యరు. ఎక్కడైనా ఎవరైనా పూర్తి చేస్తే మాత్రం నేను నిలబడలేను.

మాట ఇయ్యి.

వుయెల్వా


మటాటియెలె,
ఏప్రిల్ 1990

వదినకు,

మాట ఇస్తున్నాను. నా నోట ఆ పేరు ఇక రాదు.

మేక ఈనిన పిల్ల బతకలేదు. జొన్న కోతలు మొదలయ్యాయి. వేరే విశేషాలు ఏమీ లేవు.

తోజామా


ఖయెలిత్షా,
ఫిబ్రవరి 1997

తోజీ,

ఈ ఏడేళ్ళలో మనం వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ అమ్మ మోకాళ్ళ గురించీ చాలానే రాసుకున్నాం. ఇవాళ రాసేది వేరు. మీ అన్నయ్యకు చెప్పలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

బడి తెరిచిన మొదటిరోజు కొత్త పిల్లలను ఒక్కొక్కరినే లేపి పేరు చెప్పమన్నాను. కిటికీ పక్కన ఒకతి లేచింది. తూర్పు నుంచి వచ్చిన పిల్ల, ఇక్కడ నాయనమ్మ దగ్గర ఉంటోంది. ముందు పళ్ళు రెండూ ఊడాయి. 'క్వాయితా, మిస్' అంది. నాలుకను అంగిట్లో అంటించి, సీసా మూత ఊడినట్టు టక్కుమనిపించింది.

తరగతి గొల్లుమంది. నవ్వరూ మరి? ఆ చప్పుడుతో అంటే మనకు తోచేది ఎండబెట్టిన మాంసమే. 'ఉప్పుకండం, ఉప్పుకండం' అని వెనక బెంచీ వాళ్ళు మొదలుపెట్టారు.

నేను నవ్వలేదు. అది ఏ పేరు చెప్పబోయిందో నాకు తెలిసిపోయింది. కోపం వచ్చింది. 'అలా కాదు. చ్వాయితా. నాలుక పళ్ళ వెనక పెట్టు' అన్నాను. చూశావా, ఇన్నేళ్ళకు నా నోటితో నేనే పలికాను, ఎవరి పిల్లకో నేర్పడానికి. అది మళ్ళీ టక్కుమనే అంది.

అప్పటి నుంచి రోజూ లేపి చెప్పిస్తున్నాను. మిగతావాళ్ళకు అక్షరాలు రాసిచ్చి దీని దగ్గరికి వస్తాను. దానికి రావడం లేదు. రాదో, రానివ్వదో. ఆ పేరు వెతుక్కుంటూ నా ఎదుటికే వచ్చి కూర్చుంది, వచ్చినదేదో సరిగ్గా రాకూడదా అనిపిస్తుంది. ఇది నీకు పిచ్చిగా ఉంటే చెప్పు.

వుయెల్వా


మటాటియెలె,
మార్చి 1997

వదినకు,

ఆ పిల్లను వదిలెయ్యి. కొండ మీది సోతో పిల్లలకు ఆ చప్పుడు రాదు. మనకు నాలుకతో చేసే చప్పుళ్ళు మూడు రకాలు, వాళ్ళ భాషలో ఉన్నది ఒకటే. మన మాట ఏది పలికినా అందులోకే దించుకుంటారు. అది మొండితనం కాదు, చులకన అంతకన్నా కాదు. ఇక్కడ వాళ్ళ మధ్య ఉండి చెబుతున్నాను.

పేరంటావా, పేర్లు అటూ ఇటూ పోతుంటాయి. ఎవరో ఎక్కడో విని పెట్టి ఉంటారు. దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

అమ్మకు కళ్ళద్దాలు వచ్చాయి. ఇప్పుడు అందరి తప్పులూ ఇంకా బాగా కనిపిస్తున్నాయట.

తోజామా


ఖయెలిత్షా,
మార్చి 1997

తోజీ,

ఆ పిల్ల సోతో పిల్లని నేను రాయలేదు. కొండ మీదిదనీ రాయలేదు. తూర్పు అన్నాను, అంతే. తూర్పంటే సగం దేశం.

నీతో దెబ్బలాడాలనే కాగితం తీశాను. కాని ముందు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా నిన్ను అడిగే మొహం నాకు లేదు.

పోయిన వారం ఎవరో దాని సంచీలో నిజంగానే ఒక ఎండుమాంసం ముక్క పెట్టారు. అది ఏడవలేదు. ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ చెయ్యి పట్టుకుని, పెట్టినవాణ్ణి లేపి, నాలుగు తగిలించాల్సిన దాన్ని. నేనేం చేశానో తెలుసా? 'నువ్వు సరిగ్గా పలికితే ఎవరూ నవ్వరు కదా' అన్నాను. అని, దాని గడ్డం పట్టుకున్నాను. 'పళ్ళ వెనక. ఇక్కడ. అను' అంటూ నోట్లో వేలు పెట్టి చూపించబోయాను. దానికి అక్కడ పళ్ళే లేవు, తోజీ. నా వేలికి ఉత్త చిగుళ్ళు తగిలాయి.

అది నిలబడ్డ చోటే తడిపేసుకుంది. నేల మీద నీళ్ళు నా చెప్పు దాకా వచ్చాయి. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నన్ను చూశారు.

మర్నాటి నుంచి అది బడికి రావడం లేదు.

ఇప్పుడు చెప్పు. నీకేం తెలుసు?

వుయెల్వా


మటాటియెలె,
ఏప్రిల్ 1997

వదినా,

వడగళ్ళ వానలో పుట్టిన బిడ్డ గురించి నీకు అప్పుడే రాశాను. నీలంగా పుట్టిందన్నాను, ఏడ్చిందన్నాను. మధ్యలో జరిగింది రాయలేదు.

వీపు రుద్దాను. పాదాల మీద తట్టాను. నోట్లో గొట్టం పెట్టి లాగాను. ఏమీ లేదు. తల్లి మంచం మీద నుంచి 'ఏడ్చిందా, ఏడ్చిందా' అని అడుగుతోంది. చేతిలో ఉన్న బిడ్డ మొహం మారిపోయింది నాకు. అది మన పాప మొహమయింది. 'చ్వాయితా' అని అరిచాను. మళ్ళీ మళ్ళీ అరిచాను. కావాలని కాదు. నా చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, నోరు మాత్రం మీ ఇంట్లో ఉంది. అలా పిలుస్తుండగానే ఆ బిడ్డ ఏడ్చింది.

నాయనమ్మ అంతా చూసింది. ఆ పేరుకే ఊపిరి వచ్చిందని పట్టుపట్టింది. వద్దన్నాను. వేరేవి చెప్పాను, వాళ్ళ భాషలో మంచి మంచి పేర్లు. 'ఊపిరి పోసిన పేరు ఉండగా అవన్నీ ఎందుకమ్మా' అంది. నువ్వు మాట ఇమ్మని రాసేసరికి ఆ పిల్లకు ఆ పేరు స్థిరపడిపోయింది.

తర్వాత ఇంకో తల్లి అడిగింది. తర్వాత పక్క లోయలో వాళ్ళు. నా నోటితో నేను మళ్ళీ ఎవరికీ చెప్పలేదు, అంతవరకు నా మాట నిలబెట్టుకున్నాను. కాని ఆపనూ లేదు. ఇప్పుడు టీకాల రోజున క్లినిక్ వరండాలో ఆ పేరు పిలిస్తే తలలు ఎన్ని తిరుగుతాయో. నొప్పులు మొదలవగానే ఆడపిల్ల పుడితే అదే పేరని అనుకునే వస్తారు. నేను తల వంచుకుని గుడ్డలు ఉడకబెడతాను.

నీకు చెప్పాలని ప్రతి ఉత్తరంలోనూ అనుకున్నాను. ఒకసారి చెప్పలేదు కాబట్టి రెండోసారి ఇంకా కష్టమయింది. అంతకన్నా వేరే కారణం లేదు.

మన పాపను బతికించలేకపోయాను. దాని పేరును నీ దగ్గరే ఉంచమన్నావు, అదీ ఉంచలేకపోయాను.

తోజామా


ఖయెలిత్షా,
మే 1997

తోజీ,

నీ ఉత్తరం చదివి మడతపెట్టి, అదే చేత్తో పర్రున చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఆదివారం ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

నాయనమ్మ కంబళి కప్పుకుని కిరోసిన్ స్టవ్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. తన మనవరాలిని ఏడిపించిన పంతులమ్మకు లేచి మర్యాద చెయ్యబోయింది. టీ ఇచ్చింది. పిల్ల మంచం కింద దూరింది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

'తప్పు మాదే, మిస్. మా నాలుకలు తిరగవు' అంది ముసలావిడ. 'పేరు ఇచ్చిన నర్సమ్మ చక్కగా అనేది. మేం మా నోటికి కుదిరినట్టు అనుకున్నాం. మీ చెవికి బాధగా ఉంటే దానికి వేరే పేరు రాసుకోండి. మేరీ అనో, మార్తా అనో. బడిలో అది పిలుచుకోండి, ఇంట్లో మేం ఇది పిలుచుకుంటాం.'

టీ కప్పు కింద పెట్టేశాను. నేను అడగకుండానే చేతులు చాచి ఆ పేరును నాకు తిరిగి ఇస్తోంది, నేనెవరో తెలియకుండానే.

'దాని తల్లి ఒప్పుకుంటుందా?' అన్నాను, ఏదో ఒకటి అనాలని.

'ఒప్పుకోదు' అంది. 'మా దగ్గర తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తాం కదా. మా కోడలిని ఊరంతా మా-క్వాయితా అంటారు. బిడ్డ పేరు పోతే దాని పేరూ పోతుంది. కానీ అది అక్కడుంది, బడి ఇక్కడుంది.'

నన్ను మా-చ్వాయితా అని పిలిచినవాళ్ళు గుర్తొచ్చారు. చివరిసారి ఎవరు పిలిచారో గుర్తు రాలేదు.

ముసలావిడకు నేనెవరో చెప్పలేదు. పిల్లకు క్షమాపణ చెప్పలేదు. మంచం కింద పాదాలు చూస్తూ ఏం చెప్పను? వచ్చేశాను.

నీ మీద కోపంగా ఉంది. నా మీద ఉన్నది అంతకన్నా ఎక్కువ, రెండూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియడం లేదు. కొన్నాళ్ళు నాకు రాయకు.

వుయెల్వా


మటాటియెలె,
జూన్ 1997

వదినా,

రాయొద్దన్నావు. ఇది నా ఉత్తరం కాదనుకో, ఇంకొకరి మాట చేరవేస్తున్నాను.

నాయనమ్మ దగ్గర కేప్ టౌన్‌లో ఉన్నది వడగళ్ళ వానలో పుట్టిన పిల్లేనని ఇక్కడ విచారిస్తే తెలిసింది. చలికాలపు మంచు పడి దారి మూసుకోకముందే కొండెక్కి ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆ పేరు ఎవరిదో, దాని తల్లి ఇప్పుడు ఎవరికి పంతులమ్మో, బడిలో ఏం జరిగిందో. దాచడం నాకు ఇక చేతకాదు.

ఆమె ముందు, 'నా బిడ్డ నోట్లో వేలు పెట్టిందా?' అని అడిగింది. అవునన్నాను. తర్వాత, 'ఆమె బిడ్డకు అప్పటికి ఎన్ని నెలలు?' అని అడిగింది. పోయేనాటికి అడుగులు వేస్తోందని చెప్పాను.

'పేరు వెనక్కి అడుగుతోందా?' అంది. తెలియదన్నాను. 'అడిగితే ఇస్తాం, నర్సమ్మా. మనది కాని దాన్ని ఎలా ఉంచుకుంటాం? కాని ఇచ్చాక నా కూతుర్ని ఏమని పిలవాలో ఆమెనే చెప్పమను. ఆమె నోటితోనే చెప్పమను.'

ఇదే ఆ మాట.

తోజామా


ఖయెలిత్షా,
ఆగస్టు 1997

తోజీ,

మా-క్వాయితాకు చెప్పు, పేరు వెనక్కి అడగడం లేదని. పిల్లను ఇప్పుడు ఎలా పిలుస్తున్నారో అలాగే పిలవమను. నేనూ అలాగే పిలుస్తున్నాను.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. మొదటి నుంచీ అన్నీ చదివాను, నేను నీకు రాసినవీ చెప్పాను. ఆయన అన్నం పళ్ళెం పక్కకు జరిపి విన్నాడు. ఎండుమాంసం దగ్గర లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాడు. నా వైపు చూడలేదు. అంతా అయ్యాక, 'ఎలా అంటుందది?' అన్నాడు. అని చూపించాను. ఆయనా ప్రయత్నించాడు. రెండోసారికి వచ్చింది. 'నిజంగానే ఉప్పుకండంలా ఉంది' అని నవ్వాడు, నవ్వుతూనే తల బల్ల మీద ఆనించేశాడు. ఏడేళ్ళ తర్వాత మా ఇంట్లో ఆ పేరు వినిపించింది, అదీ వేరే చప్పుడుతో. తప్పుగా ఉంటేనే తట్టుకోగలిగామేమో.

ఆ శనివారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. ముసలావిడకు నేనెవరో ముందే కబురు అందినట్టుంది. టీ పెట్టలేదు, మర్యాద చెయ్యలేదు. నా పక్కన వచ్చి కూర్చుంది, అంతే. పిల్ల కర్టెన్ వెనక ఉంది. 'క్వాయితా' అని పిలిచాను. మళ్ళీ పిలిచాను.

'అలా కాదు, మిస్' అంది కర్టెన్ వెనక నుంచి. 'మీరు మరీ గట్టిగా కొడుతున్నారు.'

ఎలా అనాలో చెప్పమన్నాను. చెప్పింది. నాలుగైదుసార్లు చెప్పించింది, నా గడ్డం మాత్రం పట్టుకోలేదు. అప్పుడు బయటికి వచ్చింది. నాకొక కూతురు ఉండేదనీ, దానిది కూడా ఈ పేరేననీ, అందుకే నాకు మతి పోయిందనీ, నేను చేసింది తప్పేననీ చెప్పాను. క్షమాపణకు అది ఏమీ అనలేదు. కూతురి సంగతి మాత్రం శ్రద్ధగా వింది.

'మీ అమ్మాయి ఏ క్వాయితా?' అంది.

నాకు అర్థం కాలేదు.

'మా ఊళ్ళో పొడుగు క్వాయితా ఉంది. కొట్టువాళ్ళ క్వాయితా ఉంది. నేను నర్సమ్మ క్వాయితాని. మీ అమ్మాయిని ఏమనేవాళ్ళు?'

ఏమీ అనేవాళ్ళం కాదు, తోజీ. అదొక్కతే కదా, ఇంకో పేరుతో పనిపడలేదు. 'మీ అందరికన్నా ముందు పుట్టింది' అన్నాను. 'అయితే పెద్ద క్వాయితా' అంది, అందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు.

ఇప్పుడు బడికి వస్తోంది. ఎండుమాంసం పెట్టినవాణ్ణి పట్టుకుని అడగాల్సింది అడిగాను. అయినా నేను సుద్దముక్క కోసం చెయ్యి ఎత్తితే అది ఇంకా మెడ వెనక్కి లాక్కుంటుంది. రోజూ చూస్తున్నాను. అది చూడాల్సిందే, నాకు తప్పదు.

నువ్వు ఈ డిసెంబరులో సెలవు పెట్టుకో. మేమిద్దరం వస్తాం. మీ అమ్మ నోటికి సిద్ధపడే వస్తాం. నువ్వూ నేనూ కలిసి కొండెక్కాలి. నీ మీద కోపం పోయిందని రాయను, నువ్వు నమ్మవు. నీ పక్కన నడవగలను, అది మాత్రం నిజం.

నిన్న హాజరు పిలుస్తుంటే మనసు ఎక్కడో ఉండి నాలుక జారింది. 'చ్వాయితా' అని వచ్చేసింది, పళ్ళ వెనక నుంచి, మన పాపను పిలిచినట్టే. నేను దిద్దుకునేలోగా ఆ పిల్ల లేచి నిలబడింది.

'ఆమె రాలేదు, మిస్' అంది. 'నేను వచ్చాను.'

నీ వదిన,
వుయెల్వా